మూడు ట్యూబుల పాత ప్రొజెక్టర్: హైవోల్టేజ్ బ్లాక్ మూడోసారి పోయింది

షామియానా | కర్నూలు | ఆగస్టు 2, రాత్రి 10:15

అందరికీ నమస్తే. చదువుకుంటా పొయ్యేవాణ్ణే గానీ ఇక్కడ రాసేది ఇదే మొదలు.

మాది టెంట్‌హౌస్. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, మైకుసెట్లు బాడుగకిస్తాం. 1998లో బెంగళూరులో ఎవరో హోటలోళ్ళు తీసేస్తాంటే మా నాయన మూడు ట్యూబుల ప్రొజెక్టర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఎరుపు, పచ్చ, నీలం, మూడూ 7 అంగుళాల ట్యూబులు. మోయాలంటే నలుగురు కావాల. కంపెనీ పేరు రాయను, రాస్తే మాట వేరే దారి పడుతుంది. పెండ్లిండ్లకు, జాతరలకు, మ్యాచులకు అదే ఆడింది. 2003 వరల్డ్‌కప్ ఫైనల్ రోజు మా వీధంతా గోడౌన్‌లోనే. పాంటింగ్ 140 కొట్టి నాటౌట్‌గా నిలబడినాడు, మనోళ్ళు 125 పరుగులతో ఓడినారు, జనం కుర్చీలు తన్నేసి పోయినారు. ప్రొజెక్టర్ మాత్రం ఆ పొద్దు తొమ్మిది గంటలు ఏకబిగిన ఆడింది.

ఇప్పటి రోగం చెప్తా. ఆన్ చేసినాక పది పదహైదు నిమిషాలు బొమ్మ బాగుంటుంది. తర్వాత లోపల స్‌స్‌స్ అని సద్దు, కుక్కర్ విజిల్ వేసేముందు వచ్చేలాంటిది. దగ్గరకు పోతే పిడుగు పడినాక వచ్చే వాసన. బొమ్మ నాలుగు పక్కలా ఉబ్బి, మసకబారి, టక్ టక్ అని రెండుసార్లు కొట్టి సెట్టు ఆగిపోతుంది. గంట చల్లారనిచ్చి వేస్తే మళ్ళీ అదే కథ.

2011లో ఇదే రోగం వస్తే మెకానిక్ హైవోల్టేజ్ బ్లాక్ మార్చినాడు. లాట్ (హైవోల్టేజ్ పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్) నుంచి వచ్చేదాన్ని మూడు ట్యూబులకు పంచే నల్ల ముద్ద ఉంటుందే, అది. 2017లో మళ్ళీ పోయింది, మళ్ళీ మార్చినాడు. "ఇది పొయ్యే పార్టే, మనం చేసేదేం లేదు" అన్నాడు. ఆయన ఇప్పుడు సెల్‌ఫోన్ల రిపేరుకు మారినాడు. సెట్టు గోడౌన్ దూలానికి తలకిందులుగా వేలాడుతా ఉంది, దించాలంటే మనుషుల్ని పిలవాల.

అడిగేది రెండు. ఆ బ్లాక్ యాడన్నా దొరుకుతుందా? దొరక్కపోతే టీవీ లాట్ ఒకటి వేసి నడిపించొచ్చా?

ఎల్‌ఈడీ_బాబు | నంద్యాల | ఆగస్టు 2, రాత్రి 10:31

అన్నా, పన్నెండు వేలు పెడితే చంకలో పెట్టుకొని పొయ్యే ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ వస్తుంది. నలుగురు మోసేదాన్ని ఇంకా ఎందుకు మోస్తావు?

షామియానా | కర్నూలు | ఆగస్టు 2, రాత్రి 10:40

అది కూడా ఉంది తమ్ముడూ, బాడుగకు దాన్నే పంపుతాం. దాంట్లో రాత్రి సీను వస్తే నలుపు బూడిదరంగులో కనపడుతుంది. దీంట్లో నలుపంటే ట్యూబు వెలగదు, అంతే. ఒకసారి చీకట్లో పక్కపక్కన పెట్టి చూడు.

సీరీస్‌బల్బు | అనంతపురం | ఆగస్టు 3, ఉదయం 6:20

షామియానా తమ్ముడూ, ఇంకా మూత తియ్యలేదు కదా? తియ్యకముందే ఇది చదువు.

నేను క్లాక్‌టవర్ కాడ ముప్పై ఏండ్లు టీవీలు చేసినా. 21 అంగుళాల కలర్ టీవీలో ట్యూబుకు పొయ్యేది 25 వేల వోల్టుల కాడికి. నీ ప్రొజెక్టర్‌లో 30 వేలు దాటి ఉంటుంది. స్విచ్ ఆపి ప్లగ్ పీకినా అది పోదు. ట్యూబు గాజుకు లోపలొక పూత, బయటొక పూత, మధ్యలో గాజు. అదే కెపాసిటర్. రోజుల తరబడి పట్టుకొని కూర్చుంటుంది. నీకు అట్లాంటివి మూడు.

ప్లగ్ పీకి గంటసేపు వదిలిపెట్టు. తర్వాత ఒక పొడుగాటి ప్లాస్టిక్ కడ్డీ కొసకు పదిమెగోమ్ హైవోల్టేజ్ రెసిస్టర్ కట్టు, దాని నుంచి మంచి ఇన్సులేషన్ తీగ. తీగ కొస ముందుగా ట్యూబును చుట్టుకున్న ఎర్త్ అల్లిక తీగకు తగిలించాల. ఆ తర్వాతే కడ్డీ మొన, హైవోల్టేజ్ తీగ ట్యూబుకు తగులుకునే కాడ ఉండే రబ్బరు క్యాప్ కిందికి పోవాల. ఈ వరస తిరగబడితే తీగ నీ చేతిలో ఉన్నప్పుడే పెళ్ళుమంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి డైరెక్టుగా షార్ట్ చెయ్యొద్దు, ఆ దెబ్బకు పక్కనున్న ఐసీలు పోతాయి. నేను చేసి పోగొట్టుకున్నవి ఎన్నో.

ఒకసారి డిశ్చార్జ్ చేస్తే అయిపోయిందనుకోవద్దు. పది నిమిషాలకు మళ్ళీ చెయ్యి. గాజులో ఇంకిన చార్జి మెల్లగా పైకి వస్తుంది. ఎడమచెయ్యి జేబులో ఉండాల, ఉంగరం తీసెయ్యాల, కాలికి చెప్పులుండాల, ఇంట్లో ఒక మనిషి దగ్గరుండాల.

ఇంక రోగం. బొమ్మ ఉబ్బినాకనే ఆగుతుందా, ముందే ఆగుతుందా? ఉబ్బేటప్పుడు మూడు రంగులూ కలిసి ఉబ్బుతాయా, ఒకటే ఉబ్బుతుందా? అది చెప్పు.

మైక్రోఫారడ్ | కడప | ఆగస్టు 3, ఉదయం 8:05

సీరీస్‌బల్బు గారు చెప్పిన చార్జిని లెక్కలో చూద్దాం. ట్యూబు ఒక నానోఫారడ్, వోల్టేజ్ 30,000 అనుకుంటే శక్తి 0.45 జౌళ్ళు వస్తుంది. సామాన్యంగా దానితోనే ప్రాణం పోదు, కానీ గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఆ మాట నమ్ముకోకూడదు. అసలు గాయాలు షాక్ వల్లకంటే చెయ్యి విదిలించుకోవడం వల్ల ఎక్కువ. చెయ్యి పోయి ట్యూబు మెడకు తగిలిందంటే గాజు విరుగుతుంది, ట్యూబు పోతుంది.

బొమ్మ ఎందుకు ఉబ్బుతుందంటే, యోక్ (ట్యూబు మెడ చుట్టూ ఉండే తీగచుట్ట) అయస్కాంతం ఎలక్ట్రాన్‌ను ఎంత వంచుతుందనేది ఎలక్ట్రాన్ వేగాన్ని బట్టి ఉంటుంది. హైవోల్టేజ్ తగ్గితే ఎలక్ట్రాన్ నెమ్మదిస్తుంది, ఎక్కువ వంగుతుంది. బొమ్మ సైజు వోల్టేజ్ వర్గమూలానికి విలోమంగా మారుతుంది. వోల్టేజ్ పది శాతం పడితే బొమ్మ సుమారు ఐదు శాతం పెరుగుతుంది. అంటే మీ తెర వంద అంగుళాల వెడల్పు ఉంటే ఐదు అంగుళాలు. కాబట్టి ఉబ్బడం కనిపించిందంటే ఎక్కడో లీకేజీ హైవోల్టేజ్‌ను కిందికి లాగుతోంది. మూడు రంగులూ కలిసి ఉబ్బితే లోపం మూడింటికీ ఉమ్మడిగా ఉన్న చోట, అంటే లాట్‌లోనో బ్లాక్‌లోనో.

షామియానా | కర్నూలు | ఆగస్టు 3, రాత్రి 9:50

మూడూ కలిసే ఉబ్బుతాయి సార్. ఉబ్బినాకనే ఆగుతుంది.

మూత ఇంకా తియ్యలేదు. గోడౌన్ లైట్లన్నీ ఆర్పి, మూత సందుల్లోంచి ఊరికే చూసినా. సద్దు మొదలైనాక బ్లాక్ ఉండే వైపు ఊదారంగు వెలుగు, అగ్గిపుల్ల తల అంత. ఒకే చోట. ఒక్కోసారి సన్న వెంట్రుకలాగ పాకుతుంది. మా అమ్మ చూసి దండం పెట్టుకొని పోయింది.

నాపరాయి | బేతంచెర్ల | ఆగస్టు 3, రాత్రి 10:12

అన్నా, మాకు పాలిష్ మిషన్ల కాడ ఒక పాత సెట్టు ఇట్లనే ఆగిపోతాంటే ఒకాయన ప్రొటెక్షన్ సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్ ఒకటి పీకేసినాడు. ఆ తర్వాత ఆగలేదు. నువ్వు కూడా...

నిర్వాహకుడు | ఆగస్టు 3, రాత్రి 10:20

నాపరాయి గారి పోస్టులో మిగతా భాగం తీసేశాను. ప్రొటెక్షన్‌ను తప్పించే దారులు ఈ వేదికలో రాయకూడదు.

మైక్రోఫారడ్ | కడప | ఆగస్టు 3, రాత్రి 10:45

ఎందుకు తీసేశారో కూడా చెప్పాలి, లేకపోతే ఇంకొకరు ఇంకోచోట రాస్తారు. ఆ ప్రొటెక్షన్ ఉన్నది సెట్టును కాపాడటానికే కాదు. 30 వేల వోల్టులతో పరుగెత్తే ఎలక్ట్రాన్ ట్యూబు ముఖానికి తగిలి ఆగినప్పుడు ఎక్స్‌రేలు పుడతాయి. వోల్టేజ్ హద్దులో ఉన్నంతవరకు వాటిని ట్యూబు గాజు ఆపుతుంది. హద్దు దాటితే బయటికి వచ్చేవి వేగంగా పెరుగుతాయి. హైవోల్టేజ్ పెరిగిన వెంటనే సెట్టు ఆరిపోయేలా పెట్టింది అందుకే. ఇంకొక సంగతి, యోక్ కరెంటు ఆగిపోయి హైవోల్టేజ్ మాత్రం ఉంటే కిరణం ఒకే చుక్కలో నిలబడి ఫాస్ఫర్‌ను (ట్యూబు ముఖం లోపల వెలిగే పూతను) క్షణాల్లో కాల్చేస్తుంది. దాన్ని ఆపేదీ ఇలాంటి ప్రొటెక్షనే.

నాపరాయి | బేతంచెర్ల | ఆగస్టు 3, రాత్రి 10:52

సరే సార్, తెలీక రాసినా.

గుత్తి_జంక్షన్ | గుత్తి | ఆగస్టు 4, మధ్యాహ్నం 1:30

షామియానా భాయ్, 2009 అక్టోబరు వరదల్లో సెట్టు తడిసిందా? తుంగభద్ర, హంద్రీ రెండూ ఊర్లోకి వచ్చినాయి కదా. నాకు తెలిసిన కర్నూలు సామాన్లలో సగం రోగాలు ఆ నీళ్ళవే.

షామియానా | కర్నూలు | ఆగస్టు 4, సాయంత్రం 6:10

లేదు భాయ్. కింద గోడౌన్‌లో షామియానాలు, కుర్చీలు అన్నీ బురదలో పోయినాయి. ప్రొజెక్టర్ ఆ పొద్దు మేడ మీద ఉన్నింది, చుక్క నీళ్ళు తగల్లే. ఆ దెబ్బకు భయపడే మరుసటి సంవత్సరం, 2010లో, దాన్ని గోడౌన్ దూలానికి ఎత్తి తగిలించినాం. అంతకుముందు పన్నెండేండ్లు టేబుల్ మీదనే ఆడింది, ఒక్క బ్లాక్ కూడా పోలేదు.

సీరీస్‌బల్బు | అనంతపురం | ఆగస్టు 4, సాయంత్రం 6:25

ఆగు. మళ్ళీ చదువుకో నువ్వు రాసింది.

టేబుల్ మీద పన్నెండేండ్లు ఏం కాలేదు. తలకిందులుగా తగిలించిన ఏడాదికే ఒకటి పోయింది. తర్వాత ఆరేండ్లకు ఇంకోటి. ఇప్పుడు మూడోది. పొయ్యే పార్టయితే ముందు పన్నెండేండ్లు ఎందుకు పోలేదు?

సెట్టు ఆపి, చల్లారినాక, టార్చి పట్టుకొని మూడు లెన్సుల్లోకి చూడు. ఏం కనపడుతుందో చెప్పు. మూత ముట్టొద్దు.

షామియానా | కర్నూలు | ఆగస్టు 4, రాత్రి 9:30

ఎరుపు, పచ్చ బాగున్నాయి. నీలం లెన్సులో పైన అంచుకు నెలవంక మాదిరి ఒక గీత ఉంది. గీతకు పైన ఒకరకంగా, కింద ఒకరకంగా కనపడుతుంది. రెండేండ్లుగా బొమ్మలో ఒక అంచున నీలం పలచగా కారిపోయినట్టు ఉంటే లెన్సుకు బూజు పట్టిందనుకుంటాన్యా.

సీరీస్‌బల్బు | అనంతపురం | ఆగస్టు 4, రాత్రి 9:41

అది బూజు కాదు నాయనా. ట్యూబు ముఖానికి, లెన్సుకు మధ్య నీళ్ళు ఉంటాయి. నీళ్ళంటే గ్లైకాల్ కలిపిన ద్రవం. ట్యూబు వేడిని లాగేదానికి ఒకటి, గాజుకు గాజుకు మధ్య గాలిసందు లేకుండా వెలుగు చెదరకుండా పొయ్యేదానికి ఒకటి. గీతకు పైనుండేది గాలి. ద్రవం తగ్గింది. తగ్గిందంటే యాడికో పోయింది. అది ఆవిరై ఆకాశానికి పొయ్యే సరుకు కాదు.

ఇప్పుడు చెప్పు. టేబుల్ మీద ఉన్నప్పుడు బ్లాక్ ట్యూబులకు పైనుండేదా, కిందా?

షామియానా | కర్నూలు | ఆగస్టు 4, రాత్రి 9:58

పైన! మూత తీస్తే మొదట కనపడేది అదే, ట్యూబుల మీద ఒక పట్టీకి బిగించి ఉంటుంది.

అంటే ఇప్పుడు తలకిందులుగా వేలాడేటప్పుడు బ్లాక్ కింద, ట్యూబు పైన. దేవుడా.

ఎల్‌ఈడీ_బాబు | నంద్యాల | ఆగస్టు 4, రాత్రి 10:01

చదువుతా ఉంటే డిటెక్టివ్ నవల మాదిరి ఉంది. నేను ఎల్‌ఈడీ మాట వాపస్ తీసుకుంటా.

గుత్తి_జంక్షన్ | గుత్తి | ఆగస్టు 5, ఉదయం 11:15

బ్లాక్ సంగతి నాకు వదిలెయ్యండి. నెలకు రెండుసార్లు రైలెక్కి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోతా. ఒక గోడౌన్‌లో ఇదే కుటుంబం సెట్టు ఒకటి పడి ఉంది, మూడు ట్యూబులూ మాడిపోయినాయి, ఎవరూ కొనరు. బ్లాక్, లాట్ రెండూ కలిపి మూడువేల ఐదువందలకు ఇస్తానన్నాడు. అయితే పాతది తీసుకునేటప్పుడు ఏం చూడాల? నేను కొనేవాణ్ణే, మెకానిక్‌ను కాదు.

సీరీస్‌బల్బు | అనంతపురం | ఆగస్టు 5, మధ్యాహ్నం 2:10

నల్ల ముద్దను ఎండలో అటూ ఇటూ తిప్పి చూడు. జుట్టంత పగులు కనపడినా వద్దు. బిగించే మూలల్లో, సాకెట్ల మెడల కాడ గోరుతో గీకి చూడు. తెల్లగా పొడి రాలితే, లేకపోతే బొగ్గుగీత మాదిరి నల్లచార ఉంటే వద్దు. సాకెట్ల లోపల టార్చి వేసి చూడు, పచ్చగా చిలుము పట్టి ఉండకూడదు. తీగలు సెట్టు తట్టు కొయ్యనీకు, ప్లగ్ కాడ లాగి తియ్యమను. స్క్రాపోళ్ళు కటింగ్‌ప్లేయర్‌తో కొరికేస్తారు, తర్వాత ఆ తీగను అతుకు వేస్తే అతుకు కాడనే దూకుతుంది.

మైక్రోఫారడ్ | కడప | ఆగస్టు 5, మధ్యాహ్నం 3:00

మామూలు మల్టీమీటర్‌తో ఆ బ్లాక్‌ను కొలవడం కుదరదని చెప్పాలి. లోపల హైవోల్టేజ్‌ను భాగించి కంట్రోల్ సర్క్యూట్‌కు నమూనా పంపే రెసిస్టర్ వందల మెగోమ్‌లు ఉంటుంది, మీటర్ ఓపెన్ అనే చూపిస్తుంది. మా ప్రయోగశాలలో వెయ్యి వోల్టులు పెట్టి ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ ఉంది. పాతదీ కొత్తదీ రెండూ తెస్తే పక్కపక్కన కొలుస్తాను. లాట్‌లోని డయోడ్లు కూడా అంతే, మీటర్ బ్యాటరీకి అవి తెరుచుకోవు.

మొదటి పోస్టులో అడిగిన టీవీ లాట్ ప్రశ్న మిగిలిపోయింది. వద్దు. టీవీ లాట్ సెకనుకు 15,625 గీతల కోసం చుట్టింది, ఒక్క ట్యూబుకు సరిపడా కరెంటు ఇస్తుంది. కంప్యూటర్ సిగ్నల్ కూడా తీసుకునే ఇలాంటి ప్రొజెక్టర్లు 31 వేలు, ఆపైన కూడా స్కాన్ చేస్తాయి. అందుకే చాలావాటిలో హైవోల్టేజ్ పుట్టించే భాగాన్ని యోక్ భాగం నుంచి విడదీసి కడతారు. అన్నిటికంటే ముఖ్యం ఆ నమూనా. అది తప్పుగా వెళితే కంట్రోల్ సర్క్యూట్ వోల్టేజ్ తక్కువ ఉందనుకొని పెంచుకుంటూ పోతుంది.

నాపరాయి | బేతంచెర్ల | ఆగస్టు 5, రాత్రి 8:40

పాత బ్లాక్ పగులు మీద ఎపాక్సీ పోసేస్తే సరిపోదా? మా ఊర్లో రాతి పగుళ్ళకు పోస్తారు, రాయి కంటే గట్టిగా ఉంటుంది.

సీరీస్‌బల్బు | అనంతపురం | ఆగస్టు 5, రాత్రి 9:05

గట్టితనం కాదు కావాల్సింది, లోపల గాలి బుడగ ఉండకూడదు. గాలి మిల్లీమీటరుకు మూడువేల వోల్టులు ఓర్చుకుంటుంది, అదీ చదునుగా ఉంటేనే. చేత్తో కలిపి పోసిన దాంట్లో వేల బుడగలు. ఒక్కో బుడగలో లోలోపలే మిణుగురు మాదిరి వెలుగుతా ఉంటుంది, నాలుగు నెలలకు దారి చేసుకొని బయటికొస్తుంది. ఫ్యాక్టరీలో గాలి లాగేసి పోస్తారు. అదీ గాక ఇప్పటికే బొగ్గుచార పడిన చోట పైన ఏం పూసినా కింద చార అట్లనే ఉంటుంది.

సిలికాన్ పూసేవాళ్ళుంటారు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రాగిని తింటుంది, అది అస్సలు వద్దు.

షామియానా | కర్నూలు | ఆగస్టు 13, రాత్రి 11:20

దించినాం. ఆరుమంది పట్టినారు, నలుగురు చాలలేదు. గుత్తి భాయ్ బ్లాక్ తెచ్చి కర్నూలు బస్టాండులో చేతికిచ్చి టీ కూడా తాగకుండా పోయినాడు. అంతకుముందే కడప పోయి సార్ కాడ రెండు బ్లాకులూ కొలిపించుకున్నాడంట. ఎస్పీ రోడ్డుది ఒకటి, నా పాతది ఒకటి. నా పాతదంటే 2017 బ్లాక్ కాదు, అంతకుముందు 2011లో తీసి అటక మీద పడేసినది. పాతది మెగ్గర్‌లో ఊగుతా ఉంటే తెచ్చింది నిలకడగా నిలబడిందంట.

ఇంక జరిగింది వరసగా రాస్తా.

ప్లగ్ పీకి రెండు గంటలు వదిలేసినా. సీరీస్‌బల్బు అన్న చెప్పినట్టే కడ్డీ కట్టుకున్నా. మొదటిసారి చిన్న టిక్. పది నిమిషాలకు రెండోసారి పెడితే మళ్ళీ టిక్. అప్పుడు చెమట పట్టింది, ఎందుకంటే మొదటిదాంతో అయిపోయిందనుకొని చెయ్యి పెట్టబోయినవాణ్ణే. మూడోసారికి ఏం లేదు. మా తమ్ముడు దగ్గర్నే కూర్చున్యాడు, వాడికి మెయిన్ స్విచ్ యాడుందో చూపించి పెట్టినా.

మూత తీస్తే అన్న చెప్పింది కండ్ల ముందర. నీలం ట్యూబు లెన్సు బిగించే ఫ్రేము అంచు నుంచి జిడ్డుచార ఒకటి దిగి, పట్టీ మీదుగా పోయి, బ్లాక్ మూలలో మడుగు కట్టి ఉంది. దాని మీద మా ఊరి దుమ్మంతా అంటుకొని నల్ల పేస్టు మాదిరి అయింది. వేలితో తాకితే జిగట. ఆ మడుగు కిందనే బ్లాక్‌కు పగులు, పగుల్లో నల్లచార. ఎరుపు, పచ్చ సాకెట్ల తట్టు తళతళ మెరుస్తాంది.

దుమ్మేమో ఈ హైవోల్టేజే లాగుతుందని సార్ ఫోన్లో చెప్పినారు. గోడౌన్ ముందర రోజూ నాపరాళ్ళ లారీలు పోతాయి.

నాపరాయి | బేతంచెర్ల | ఆగస్టు 13, రాత్రి 11:34

అన్నీ మా మీదకే తెస్తారు! మాది ఇప్పుడు నంద్యాల జిల్లా, మా దుమ్ముకు మీ కర్నూలులో పని లేదు.

సీరీస్‌బల్బు | అనంతపురం | ఆగస్టు 14, ఉదయం 6:05

ఇప్పుడు తొందరపడి బ్లాక్ వెయ్యొద్దు. ముందు లీకు కట్టాల. అది కట్టకుండా బ్లాక్ మారిస్తే 2017 కథే మళ్ళీ. నీ పాత మెకానిక్ రెండుసార్లు మార్చినాడు గానీ తల పైకెత్తి చూడలేదు.

నీలం లెన్సు ఫ్రేము విప్పితే రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. పాతికేండ్ల రబ్బరు, చదునైపోయి ఉంటుంది. కొలత తీసుకొని పంపుల సామాన్లమ్మే అంగట్లో అడుగు, బోరుమోటరుకు వేసేవాటిలో సరిపోయేది దొరకొచ్చు. ద్రవానికి కారు కూలెంట్ పొయ్యొద్దు, రంగు కలిపి ఉంటుంది, బొమ్మకు ఆ రంగు ఎక్కుతుంది. రంగు లేని ఎథిలీన్ గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్. పోసేటప్పుడు బుడగ మిగలకుండా అటూ ఇటూ వాల్చి పొయ్యాల. తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలకు, కుక్కలకు అందకుండా పెట్టు. కింద ఒలికింది వెంటనే తుడిచెయ్యి.

షామియానా | కర్నూలు | ఆగస్టు 19, రాత్రి 10:05

రింగు పార్క్ రోడ్డులో పంపుల అంగట్లో దొరికింది, ఇరవై రూపాయలు. ఇరవై రూపాయల రింగు కోసం మూడు బ్లాకులు బలి ఇచ్చినాం.

ద్రవం నింపి, రెండు రోజులు తలకిందులుగా బల్లల మీద నిలబెట్టి, కింద పాత న్యూస్‌పేపర్ పరిచినా. మరక పడలేదు. పట్టీ, చాసిస్, తీగల కొసలకుండే రబ్బరు బూట్లు అన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మూడుసార్లు తుడిచి ఎండబెట్టినా. నీలం తీగ బూటు లోపల కూడా జిగట ఉంది, అది దూది పుల్లతో తీసినా.

బ్లాక్ బిగించేముందు ఒక అనుమానం. సాకెట్లలో పాతది తెల్లగా గట్టిపడిన గ్రీజు ఉంది. నా కాడ హీట్‌సింక్‌కు పూసే తెల్ల పేస్టు ఉంది. అదే వేసెయ్యొచ్చా?

మైక్రోఫారడ్ | కడప | ఆగస్టు 19, రాత్రి 10:12

వద్దు వద్దు. హీట్‌సింక్ పేస్టు వేడిని మోయడానికి పొడి కలిపింది. ఇక్కడ కావలసింది పారదర్శకంగా ఉండే సిలికాన్ డైఎలక్ట్రిక్ గ్రీజు. పాతదంతా తీసేసి, బూటు లోపల కొంచెం నింపి, ప్లగ్ నెట్టేటప్పుడు కాస్త తిప్పుతూ నెట్టండి. గాలి బయటికి పోవాలి.

సీరీస్‌బల్బు | అనంతపురం | ఆగస్టు 19, రాత్రి 10:30

తీగలు పాతదారిలోనే వెయ్యి, చాసిస్ అంచులకు ఆనకుండా. సోల్డర్ వేసిన చోట మొన తేలి ఉండకూడదు, గుండ్రంగా శెనక్కాయ గింజ మాదిరి ఉండాల. మొన ఉంటే అక్కడ్నుంచే స్‌స్ మొదలవుతుంది. ఎర్త్ అల్లికలు మూడూ తిరిగి తగిలించినావా చూసుకో, చానామంది మర్చిపొయ్యేది అదే.

లాట్ మార్చినావా? మార్చకపోతే దాన్ని ముట్టొద్దు. బాగున్న లాట్‌ను గుత్తాయన తెచ్చినాడని మార్చొద్దు, అట్టపెట్టెలో స్పేరుగా ఉండనీ.

షామియానా | కర్నూలు | ఆగస్టు 24, రాత్రి 11:50

ఆడింది!!

కడప సార్ ఆదివారం హైవోల్టేజ్ ప్రోబ్ సంచిలో వేసుకొని బస్సులో వచ్చినారు. ఆ ప్రోబ్ లోపల వెయ్యి మెగోమ్‌లు ఉంటాయంట, మీటర్‌లో వెయ్యోవంతు చూపిస్తుంది. ముందుగా కాంట్రాస్ట్ అంతా తగ్గించి, చీకట్లో ఆన్ చేసినాం. ఒక్క ఊదా చుక్క లేదు, స్‌స్ లేదు. మీటర్‌లో 31.8, అంటే 31,800 వోల్టులు. మాన్యువల్‌లో రాసిన దానికి రెండువందల వోల్టుల తేడా. కాంట్రాస్ట్ పూర్తిగా పెంచినా అది కదల్లేదు. మూడు గంటలు ఆడించి, సగంలో ఒకసారి లైట్లు ఆర్పి చూసినాం. మా అమ్మ సార్‌కు రాగిసంకటి, ఊరుబిండి పెట్టింది.

ప్రశ్న ఒకటి మిగిలింది. కుడి అంచున నీలం గీత తెల్లగీతకు పక్కన వెంట్రుకంత జరిగి కనపడుతుంది.

సీరీస్‌బల్బు | అనంతపురం | ఆగస్టు 25, ఉదయం 5:50

లెన్సు ఫ్రేము విప్పి వేసినావు కదా, నీలం ట్యూబు కొంచెం జరిగి ఉంటుంది. అరగంట వేడెక్కనిచ్చి, క్రాస్‌హ్యాచ్ (గళ్ళగీతల బొమ్మ) పెట్టి నీలాన్ని మాత్రం పచ్చ మీదికి తెచ్చుకో. పచ్చను ముట్టొద్దు, మిగతా రెండూ దాన్ని చూసే నిలబడేవి.

ఇప్పుడు పీకినావే, 2017 బ్లాక్, అది పారెయ్యొద్దు. నాకు పంపు, కోసి చూడాల.

షామియానా | కర్నూలు | ఆగస్టు 25, ఉదయం 9:00

ఆర్టీసీ కార్గోలో వేసినా. రేపు అనంతపురం బస్టాండులో తీసుకోండి. జాగ్రత్తగా చుట్టమని మా తమ్ముడు పాత షామియానా గుడ్డలో మూటకట్టినాడు.

సీరీస్‌బల్బు | అనంతపురం | సెప్టెంబరు 1, రాత్రి 8:15

రంపంతో నాలుగు ముక్కలు కోసినా. రెండు బ్లేడ్లు పోయినాయి.

నల్లచార లోపల్నుంచి బయటికి రాలేదు. బయట జిగట మడుగు ఉన్న చోట వెడల్పుగా మొదలై, లోపలికి పొయ్యేకొద్దీ సన్నబడి, హైవోల్టేజ్‌ను భాగించే డివైడర్ రెసిస్టర్ కాలు కాడ ఆగింది. మిగతా ముద్దలో యాడా బుడగ లేదు, గాజు మాదిరి ఉంది. మంచి పనితనం. రెసిస్టర్ కూడా బతికే ఉంది.

ముక్కలు అంగట్లో అద్దం కింద పెట్టినా. అనంతపురం వస్తే చూసి పోండి. షామియానా తమ్ముడూ, ఆ ఎరుపు, పచ్చ ట్యూబుల రింగులు కూడా నీలందాని వయసువే, దసరా బాడుగలు మొదలు కాకముందే అవి కూడా మార్చుకో.

షామియానా | కర్నూలు | సెప్టెంబరు 1, రాత్రి 8:40

నలభై రూపాయలే కదన్నా, రేపే తెస్తా. దించేదానికి ఆరుమందిని పిలవాల, అదే బాధ.

ఎల్‌ఈడీ_బాబు | నంద్యాల | సెప్టెంబరు 1, రాత్రి 8:44

ఏడోవాణ్ణి నేను వస్తా, ఆ నలుపు ఒకసారి చూపించు.